కేజీఎఫ్ పాత గనుల్ని చూసిరావడం ఎలా: పైనే ఉండి గనిని చదివే పద్ధతి

కోలార్ బంగారు గనుల్ని చూద్దామని వెళ్ళేవాళ్ళలో సగం మంది సినిమా చూసి బయల్దేరినవాళ్ళే. నల్లటి దుమ్ము, చీకటి గుహలు, నరమానవుడు లేని ఊరు మనసులో పెట్టుకుని వస్తారు. మారికుప్పం ప్యాసింజర్ దిగి బయటికొస్తే టీ అంగడి, బడికి పోయే పిల్లలు, స్కూటర్ మీద కూరగాయల మూట కనిపిస్తాయి. మొహం వేలాడేస్తారు.

2001 ఫిబ్రవరి 28న మూతపడింది గని. ఊరు మూతపడలేదు. కంపెనీ ఇళ్ళలో పాత కార్మికుల కుటుంబాలు ఇంకా ఉన్నాయి. వాళ్ళ పిల్లలు వేలమంది తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయి పనిచేసి రాత్రికి తిరిగొస్తారు. ఆ ఇళ్ళ మధ్య, బస్సు రోడ్డు పక్కన, ఆటస్థలం వెనక శిథిలాలు నిలబడి ఉన్నాయి. కాబట్టి ఇక్కడ చూడటమంటే పాడుబడ్డ కోటలో తిరిగినట్టు కాదు. ఒకరి వీధిలోంచి నడుస్తూ, వాళ్ళ తాతలు పనిచేసిన చోటును అర్థం చేసుకోవడం. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కాలిఫోర్నియాలోని బోడీకి వెళ్ళి ఉంటారు. అది 1962 నుంచి ప్రభుత్వ పార్కు. టికెట్ ఉంటుంది, బోర్డులుంటాయి, గైడ్ ఉంటాడు. కేజీఎఫ్‌లో ఆ ఏర్పాట్లు ఆశించకండి. చదవడం మనమే నేర్చుకోవాలి.

ముందు ఇంట్లో కూర్చుని పటం గీసుకోండి

ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట వెతకండి. ఇళ్ళ మధ్య లేత బూడిద రంగులో, అక్కడక్కడ పసుపు తిరిగిన పెద్ద మచ్చలు కనిపిస్తాయి. అవి సైనైడ్ దిబ్బలు. బంగారం తీసుకున్నాక మిగిలిన రాతిపిండిని నూరేళ్ళకు పైగా పోసిన గుట్టలవి. మచ్చలన్నీ దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఒక వరసలో ఉంటాయి, ఎందుకంటే బంగారమున్న తెల్లరాతి పట్టీ, అదే రీఫ్, నేలలో అలాగే సాగింది. రీఫ్ ఎటు పోతే గనులు అటు, గనులు ఎటు పోతే ఊరు అటు.

తెల్లకాగితం మీద నిలువు గీత గీసి పైనుంచి కిందికి ఐదు పేర్లు రాసుకోండి: బాలాఘాట్, నందిదుర్గ్, ఊరిగాం, ఛాంపియన్ రీఫ్, మైసూర్ మైన్. ఉత్తరం నుంచి దక్షిణానికి పాత గనుల వరస ఇదే. పక్కన రైలు గీత గీయండి: బంగారపేట, కోరమాండల్, బీఈఎంఎల్ నగర్, ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం. ఈ కాగితం ముందు గూగుల్ పటం పనికిరాదు. స్థానికులు వీధి పేర్లు చెప్పరు. "ఛాంపియన్ కాడ దిగి, మైసూర్ మైన్ పక్కకు పోండి" అంటారు.

ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి. రీఫ్ నిట్టనిలువుగా దిగదు, పడమటికి వాలుతుంది. అందుకే మొదటి తవ్వకాలు రీఫ్ నేలకు తగిలిన చోట చిన్న గుంతలుగా మొదలై, తర్వాత తవ్విన లోతైన షాఫ్టులు, అంటే గనిలోకి దిగే నిలువు బావులు, పడమటికి జరిగాయి. అక్కడ నిలబడి సూర్యుణ్ణి బట్టి దిక్కు తెలుసుకుంటే ఏది పాతదో, ఏది తర్వాతదో కొంతవరకు ఊహించవచ్చు.

తేదీలు ఎక్కువ అక్కర్లేదు. 1802లో జాన్ వారెన్ అనే ఇంగ్లీషు సైన్యపు అధికారి మైసూరు సరిహద్దు సర్వేకి వచ్చి, ఊళ్ళవాళ్ళు మట్టి కడిగి బంగారు రజను తీయడం కళ్ళారా చూశాడు. ఆ రాతలు చదివిన లావెల్ అనే పాత సిపాయి 1870లలో తవ్వకానికి హక్కులు తెచ్చుకున్నాడు. డబ్బు చాలలేదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చాకే అసలు పని సాగింది. 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకుంది, 1962లో కేంద్రానికి వెళ్ళింది, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయింది. మొత్తం మీద సుమారు 800 టన్నుల బంగారం తీశారు. ఈ మాత్రం తెలిస్తే ఒక గోడ దొరల కాలందా, సర్కారు కాలందా అని అడగడానికి మీకు ఆధారం ఉన్నట్టే.

అనుమతి సంగతి

గనుల స్థలం ఇప్పటికీ కంపెనీదే, అంటే కేంద్ర ప్రభుత్వానిది. రోడ్డు మీద నుంచి, రైల్వే స్టేషన్ నుంచి, ఊరి వీధుల నుంచి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నిజానికి చూడాల్సినదాంట్లో ముప్పాతిక వంతు అలాగే కనిపిస్తుంది. కంచె లోపలి షాఫ్టు ప్రాంగణం, మిల్లు షెడ్లు, పాత కార్యాలయాలు చూడాలంటే ఊరిగాంలోని కంపెనీ ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి. ఎందుకు వచ్చారో ఒక పేజీలో రాసి, గుర్తింపు కార్డు జిరాక్స్ జతచేసి, పనిదినాల్లో వెళ్ళండి. ఇస్తారన్న గ్యారంటీ లేదు. ఇవ్వకపోతే గోడ దూకొద్దు.

కాపలాదారు చేతిలో నోటు పెట్టి లోపలికి పోదామని కొందరు సలహా ఇస్తారు. మీకేదైనా అయితే ఆయన ఉద్యోగం పోతుంది. అదొక్కటి చాలు ఆ సలహా పక్కన పెట్టడానికి. డ్రోన్ ఎగరేసే ఆలోచన ఉంటే దానికి విడిగా అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి.

ఎప్పుడు, ఏ దారిన

నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈదురుగాలికి దిబ్బల మీది పిండి లేచి ఊరి మీద పడుతుంది. ఆ రోజుల్లో అక్కడి ఆడవాళ్ళు బియ్యం చెరిగేటప్పుడు కూడా కిటికీలు మూసుకుంటారు. వాన పడ్డ మరునాడు దిబ్బల దగ్గరికి పోకండి. కారణం కింద చెబుతాను.

మన వైపు నుంచి కుప్పం దారి సులువు. చెన్నై–బెంగళూరు లైన్‌లో కుప్పం దాటాక గుడుపల్లె, బిసానత్తం, కామసముద్రం, ఆ తర్వాత బంగారపేట జంక్షన్. అక్కడ మారికుప్పం బండి మారాలి. ఈ చిన్న లైను 1894లో గనుల కోసమే వేశారు. అప్పట్లో బంగారపేట పేరు బౌరింగ్‌పేట. రోడ్డు మీదైతే వి.కోట వైపు నుంచి రావచ్చు. నా ఓటు రైలుకే. ఊరివాళ్ళు పొద్దున్నే బెంగళూరుకు పోతారు గనక మీరు ఎదురు దిశలో ఖాళీ పెట్టెలో వస్తారు. కిటికీ పక్కన కూర్చుంటే కోరమాండల్ నుంచి మారికుప్పం దాకా దిబ్బలు, షాఫ్టుల మీది ఇనుప గోపురాలు (హెడ్‌గేర్లు) వరసగా కదిలిపోతాయి. ఆ ఐదు స్టేషన్ల ప్రయాణం మీ మొదటి పాఠం. బండి వేళలు ముందే సరిచూసుకోండి, రోజుకు కొన్నే ఉంటాయి. బస రాబర్ట్‌సన్‌పేటలోనో, బంగారపేటలోనో చూసుకోవచ్చు.

సంచిలో

మడమ కప్పే బూట్లు, మందపాటి ప్యాంటు, ఒక కర్ర. రెండు లీటర్ల నీళ్ళు. ఎన్95 మాస్క్ రెండు. చేతిరుమాలు కట్టుకుంటే చాలనుకోకండి. దిబ్బల పిండిలో సన్నటి సిలికా ఉంటుంది, గని కార్మికుల ఊపిరితిత్తుల్ని తినేసిన సిలికోసిస్ ఆ జాతి దుమ్ము వల్ల వచ్చిందే. టోపీ, నోటు పుస్తకం, చిన్న దూరదర్శిని. టార్చి తీసుకోవద్దంటాను. టార్చి చేతిలో ఉంటే చీకటి కంత కనిపించగానే కాలు అటే లాగుతుంది.

ఒంటరిగా వెళ్ళొద్దు. ఇద్దరు మంచిది, ముగ్గురు ఇంకా మంచిది: ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గర ఉంటారు, ఇంకొకరు సాయానికి పరిగెత్తుతారు.

నడక: మారికుప్పంలో దిగి ఉత్తరానికి

చివరి స్టేషన్‌లో దిగి వెనక్కి నడవడం నా పద్ధతి. మైసూర్ మైన్ ప్రాంతం నుంచి ఛాంపియన్ రీఫ్, అక్కడి నుంచి ఊరిగాం. సూర్యుడు వీపు మీద ఉంటాడు, ఫొటోలకు వెలుతురు బాగుంటుంది, అలసిపోతే ఏ స్టేషన్‌లోనైనా బండెక్కవచ్చు. తిరుగుతూ ఆగుతూ పోతే ఒక పూట పడుతుంది. తొందరపడి ఒక్క రోజులో ఐదు గనులూ చుట్టేస్తే గుర్తుండేది కాళ్ళ నొప్పులే.

మొదట కళ్ళకు కనబడేది హెడ్‌గేర్. షాఫ్టు నోటి మీద నిలబెట్టిన ఇనుప గోపురం, పైన చక్రాలు. దగ్గరికి పోయే అవసరం లేదు, దూరం నుంచే ఇలా చూడండి.

పైన చక్రాలు సాధారణంగా రెండు. ఒక కేజ్, అంటే మనుషుల్ని దించే ఇనుప బోను, దిగుతుంటే ఇంకోటి ఎక్కుతుంది, ఒకదాని బరువు ఒకటి మోస్తుంది. మన ఊళ్ళో గిలకబావికి రెండు బక్కెట్లు కట్టినట్టే. తర్వాత కాళ్ళు చూడండి. నాలుగు వైపులా ఒకేలా ఉండవు. ఒక వైపు కాళ్ళు బాగా వాలుగా చాపి ఉంటాయి. ఇనుప తాడు ఆ వైపు నుంచి లాగుతుంది గనక గోపురం అటు ఒరిగిపోకుండా ఆ ఊతం. ఆ వాలు కాళ్ళు చూపే దిక్కున కాస్త దూరంలో ఎత్తైన గోడల షెడ్డు ఉంటుంది. అదే వైండింగ్ ఇంజిన్ గది, తాడు చుట్టే యంత్రం ఉన్న చోటు. పైకప్పు పోయినా, చుట్టూ ముళ్ళకంప పెరిగినా ఈ ఒక్క గుర్తుతో దాన్ని పట్టుకోవచ్చు. షెడ్డు గోడలో హెడ్‌గేర్ వైపుగా పైన నిలువు సందు ఉంటే అది తాడు బయటికొచ్చిన దారి.

ఇంజిన్లు తీసుకుపోయి చాలా కాలమైంది. కింద దిమ్మలు మిగిలాయి. మనిషి నడుమెత్తు కాంక్రీటు దిమ్మ, పైకి పొడుచుకొచ్చిన తుప్పు బోల్టులు, మధ్యలో లోతైన సన్నటి గాడి: ఆ గాడిలో పెద్ద చక్రమో డ్రమ్మో తిరిగింది. బోల్టుల మధ్య దూరం అడుగులతో కొలిస్తే యంత్రం ఎంతదో ఊహకొస్తుంది. పక్కన ఇటుక పొగగొట్టం, బాయిలర్ గుంత ఉంటే అక్కడ ఆవిరితో పని నడిచిందని అర్థం. 1902 జూన్‌లో కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 148 కిలోమీటర్ల తీగ వేసి ఇక్కడికి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో దీపాలు 1905లో గానీ వెలగలేదు. గనులకు కరెంటు కావలసింది ముందు, నగరానికి తర్వాత!

ఛాంపియన్ రీఫ్‌లో గిఫర్డ్ షాఫ్టు హెడ్‌గేర్ రోడ్డు మీదికి కనిపిస్తుంది. ఈ గని 3 కిలోమీటర్లు దాటి లోతుకు పోయింది. అడుగున రాయి 60 డిగ్రీల పైన కాలుతుంది. చల్లటి గాలి పంపకపోతే మనిషి పని చేయలేడు. అంత లోతు తవ్వితే పైనున్న బరువు రాతిని నొక్కి, ఒక్కోసారి రాయి తుపాకీ పేలినట్టు పేలుతుంది. రాక్‌బర్స్ట్ అంటారు. ఇక్కడి మనుషులు దాని ధాటికి ఇంట్లో గిన్నెలు కదలడం ఎరుగుదురు. ఇదే గనిలో 1965లో టాటా ఫండమెంటల్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు జపాన్, ఇంగ్లండు శాస్త్రవేత్తలతో కలిసి, 2 కిలోమీటర్ల పైచిలుకు లోతులో, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల, అంటే రాతిని కూడా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాల, జాడ పట్టారు. పైనున్న రాయి మిగతా కిరణాలను దాదాపు అన్నిటినీ ఆపేస్తుంది గనక ఆ లోతు కావలసివచ్చింది. ఈ సంగతి తెలిపే గుర్తు ఏదైనా రోడ్డు మీద కనిపిస్తుందేమోనని వెతికాను, నా కంట పడలేదు.

మిల్లును గుర్తుపట్టడం

మెట్లు మెట్లుగా దిగే పునాదులు కనిపిస్తే అది మిల్లు. రాయి పైమెట్టు నుంచి పడాలి, ప్రతి మెట్టు దగ్గర ఒక పని జరగాలి, బరువు దానంతటదే కిందికి జారాలి. పై మెట్టున రాయి పగలగొట్టడం. తర్వాత స్టాంపులు: రోట్లో రోకలి దంచినట్టు వరసగా ఇనుప రోకళ్ళు లేచి పడేవి. దంచిన పిండి నీళ్ళతో కలిసి పాదరసం పూసిన రాగి పలకల మీదుగా పారేది. బంగారం పాదరసానికి అంటుకునేది. మిగిలినది కింద గుండ్రటి తొట్లలోకి పోయి, అందులోని బంగారం కరిగేదాకా సైనైడ్ నీళ్ళలో నానేది. సైనైడ్ కిటుకు 1887లో స్కాట్లండులో కనిపెట్టారు. అది రాకముందు ఆ పిండిలోని బంగారం పిండిలోనే పోయేది. నేల మీద పెద్ద పెద్ద వలయాలు కనిపిస్తే అవి ఆ తొట్ల జాడలు.

పాత మిల్లు పునాదుల దగ్గర మట్టి చేత్తో ముట్టొద్దు. పాదరసం, రాతిలోంచి వచ్చిన ఆర్సెనిక్ ఎక్కడ ఎంత మిగిలిందో కంటికి తెలియదు. అక్కడ కూర్చుని పులిహోర పొట్లం విప్పడం అసలే వద్దు.

సైనైడ్ దిబ్బ

దిబ్బ మీదికి ఎక్కి ఫొటో దిగడం ఇక్కడ ఒక ఆచారమైపోయింది. నేనూ ఎక్కాను ఒకసారి, వాన పడ్డ మరునాడు. పైన చూస్తే నేల గట్టిగా, బిగిసిన అప్పడంలా ఉంది. నాలుగడుగులు వేశాను. ఐదో అడుగుకు అప్పడం విరిగి మోకాలి దాకా దిగిపోయాను. కింద తడిపిండి కాలిని పట్టుకుని వదల్లేదు. చొక్కా జేబులోంచి ఫోన్ జారి నీటిగాడిలో దొర్లిపోయింది. స్నేహితుడు బెల్టు అందించి లాగితే బయటపడ్డాను. బూటు మటుకు అక్కడే ఉంది.

కాబట్టి కింద నిలబడి చూడండి. వాన నీళ్ళు కోసిన గండి పక్కన, రెండు మనుషులెత్తు దూరం వదిలి నిలబడితే దిబ్బ కడుపు కనిపిస్తుంది. సన్నటి అడ్డచారలు, వేలు మందం ఒకటి, గోరు మందం ఒకటి. బూడిద, మీగడ, మధ్యలో ఇనుప తుప్పు రంగు. నీళ్ళలో కలిపి గొట్టాల్లో పంపిన పిండి ఇక్కడ పేరుకుని ఎండిన తీరది; ఒక్కో చార ఒక్కో విడత. తుప్పు రంగు ఎక్కడిదంటే, రాతిలోని గంధకపు ఖనిజాలు గాలి తగిలి మెల్లగా కాలుతున్నాయి. దిబ్బ అడుగున ఊరే నీళ్ళు అందుకే పుల్లగా ఉంటాయంటారు, రుచి చూడాల్సిన పని లేదు. ఇలాంటి దిబ్బలు 13 ఉన్నాయి, 3 కోట్ల టన్నుల పైన పిండి. అందులో ఇంకా కొద్దిగా బంగారం ఉంది గనక మళ్ళీ కడుగుదామని ఏళ్ళ తరబడి మాటలు నడుస్తున్నాయి. దిబ్బలు ఎప్పటికీ ఇలాగే ఉండవు, చూడాలనుకుంటే ఆలస్యం చేయకండి.

లైన్లు, బంగళాలు

కార్మికుల ఇళ్ళ వరసల్ని లైన్లంటారు. మొదట్లో వెదురు తడికెలతో కట్టిన గుడిసెలు, వాటిని తట్టి ఇళ్ళనేవాళ్ళు. తర్వాత రేకుల కప్పుతో ఒకటి రెండు గదుల ఇళ్ళు. ఒక వీధిలో నిలబడి లెక్కపెట్టండి: తలుపుకు తలుపుకు మధ్య ఎన్ని అడుగులు, ఒక కొళాయికి ఎన్ని ఇళ్ళు. తర్వాత దొరల బంగళా వైపు నడవండి. ఎత్తు మీద, చెట్ల నీడలో, దిబ్బల గాలి సోకని చోట, ముంగిట చెక్క నగిషీ చూరుతో ఒకే ఇల్లు మీ లైనులో సగాన్ని మింగేసేంత జాగాలో ఉంటుంది. ఒక అడుగు కొలత పెట్టుకుని ఈ రెండూ కొలిస్తే గని ఎలా నడిచిందో పుస్తకం చదవకుండానే తెలుస్తుంది.

లైన్లలో జనం ఉన్నారని మరిచిపోవద్దు. తలుపు తీసి ఉంది కదా అని కెమెరా ఎత్తకండి.

ఇక్కడికి పనికొచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు తమిళులు, వాళ్ళతోపాటు చిత్తూరు వైపు తెలుగువాళ్ళు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ రెండూ ఒకే జిల్లా కూడా. అందుకే ఒకే అంగడిలో తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినిపిస్తాయి. తెలుగులో పలకరిస్తే చాలామంది తెలుగులోనే బదులిస్తారు, కాకపోతే మన కుప్పం పలమనేరు యాసలో.

ఛాంపియన్ దగ్గర ఒక టీ అంగడిలో నాకట్లా దొరికాడు ఒక పెద్దాయన. నా బూట్లు, కర్ర చూసి నవ్వాడు.

"యాడికప్పా, కొండకు పోతుండావా?"

"లేదు తాతా, ఆ పక్కన పాత షాఫ్టు ఉందంట కదా, చూద్దామని."

"పో, చూడు. కంచె దాటొద్దు. నేల గట్టిగుందని నమ్మొద్దప్పా. దాని కింద మేమే తవ్వేసినాం."

ఆ తర్వాత గంటసేపు మాట్లాడాడు. నేను రెండే ప్రశ్నలు వేశాను: ఏ షిఫ్టు చేశారు, కేజ్‌లో దిగడానికి ఎంతసేపు పట్టేది. "బంగారం చూశారా?" అని మటుకు అడగొద్దు. ప్రతి వచ్చినవాడూ అడిగేది అదే, వాళ్ళకు విసుగొచ్చి చాలా కాలమైంది. పనిముట్ల గురించి, తిండి గురించి, సైరన్ గురించి అడగండి. మాట్లాడినంతసేపు ఫోన్ జేబులో ఉంచండి. రికార్డు చేయాలంటే ముందు అడగండి. టీ డబ్బులు మీరివ్వబోతే ఆయన ఒప్పుకోకపోవచ్చు, పోట్లాడకండి.

లోపలికి ఎందుకు దిగకూడదు

సింగరేణి వైపు మనవాళ్ళు "బాయి దిగడం" అంటారు. బాయి దిగేవాళ్ళకు దీపం, గాలి, పైన లెక్క రాసుకునే మనిషి ఉంటారు. మూసేసిన గనిలో ఈ మూడూ లేవు. 2001లో పంపులు ఆపేశాక అడుగు అంతస్తులన్నీ నీళ్ళతో నిండాయి. నీళ్ళ పైన ఉన్న సొరంగాల్లో కుళ్ళే చెక్క, తుప్పుపట్టే ఖనిజం గాలిలోని ప్రాణవాయువును తినేస్తాయి. మిగిలిన గాలికి వాసన ఉండదు, దగ్గు రాదు. నాలుగడుగులు లోపలికి వేసినవాడు కూలిపోతాడు, వాణ్ణి లాగబోయినవాడు వాడి పక్కనే కూలిపోతాడు. ఇనుము దొంగతనానికి దిగి ఇలా ఊపిరాడక చనిపోయినవాళ్ళు కేజీఎఫ్‌లోనే ఉన్నారు.

నేల పైన కూడా కొన్ని గుర్తులు పట్టుకోండి. సాసర్‌లా కుంగిన నేల, చుట్టూ గుండ్రటి పగుళ్ళు: వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరిగిపోండి. చుట్టూ ఎండిపోయినా ఒక్కచోటే పచ్చగా కంప పెరిగి ఉంటే దాని మధ్యలో గుంత ఉండవచ్చు. పాత షాఫ్టు మీద చెక్కలు, రేకులు పరిచి మట్టి పోసి ఉంటారు. కర్రతో కొడితే డొల్ల మోత వస్తే ఆగండి. రాయి వేసి లోతు చూసే సరదా వద్దు, అంచు మీ కాళ్ళ కిందే ఉంటుంది. చిన్న రాగి గొట్టం, తీగలు అంటుకున్నది, నేల మీద కనిపిస్తే అది పాత డిటొనేటర్ కావచ్చు. ముట్టకుండా చోటు గుర్తుపెట్టుకుని పోలీసులకు చెప్పండి. ఇంజిన్ గదుల చూరుల్లో తేనెపట్లు, దిమ్మల సందుల్లో పాములు మామూలే.

ఏదీ తీసుకురావద్దు. తుప్పు బోల్టు కూడా. అది కంపెనీ ఆస్తి కావడం ఒక కారణం. దిమ్మ మీద బోల్టు ఉంటేనే అది యంత్రపు దిమ్మ అని మీ తర్వాత వచ్చేవాడికి తెలుస్తుంది.

రాసుకోవడం

ప్రతి చోటా మూడు ఫొటోలు చాలు: దూరం నుంచి మొత్తం, మధ్య దూరం నుంచి ఒకటి, దగ్గరగా ఒక వివరం. దగ్గరి ఫొటోలో అగ్గిపెట్టో పెన్నో పెట్టండి, సైజు తెలుస్తుంది. ఏ వైపు తిరిగి తీశారో పుస్తకంలో రాయండి. ఇంటికొచ్చాక హెడ్‌గేర్ వాలు కాళ్ళను, ఇంజిన్ గదిని, మిల్లు మెట్లను, దిబ్బను మీ నిలువు గీత పటం మీద గుర్తించి బాణాలతో కలపండి. రాయి పైకొచ్చిన దారి, పిండైన దారి, దిబ్బలోకి పోయిన దారి ఒక గీతగా పడుతుంది. ఎక్కడో ఒక బాణం తెగిపోతుంది. రెండోసారి వెళ్ళడానికి కారణం అదే.

ఇంకో రోజు మిగిలితే

దగ్గరలోని పెద్దపల్లిలో అగ్నిపర్వతపు లావా నీళ్ళ కింద గడ్డకట్టి దిండ్లలా మారిన రాళ్ళున్నాయి, జియొలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. బంగారం పట్టీ పుట్టిన రాతిబెల్టు ఎలాంటిదో అక్కడ చేతితో తడిమి చూడవచ్చు. పాలారు మీది బేతమంగల చెరువుకు వెళ్తే గనుల ఊరికి తాగునీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుస్తుంది.

అదే రాతిబెల్టు మన చిత్తూరు జిల్లాలోకి సాగింది. కేజీఎఫ్ నడిపిన కంపెనీయే బిసానత్తంలోనూ గని నడిపింది, అనంతపురం వైపు రామగిరిలోనూ. అక్కడ జనసంచారం కేజీఎఫ్ కంటే తక్కువ. అంటే పడిపోతే చూసేవాళ్ళూ తక్కువ. మొదట కేజీఎఫ్‌లో కన్ను అలవాటు చేసుకుని, తర్వాత ఊరివాళ్ళెవరినైనా వెంటబెట్టుకుని అటు వెళ్ళండి.

తిరుగు ప్రయాణానికి సాయంత్రం బండి ఎంచుకుంటే ఒక సూచన. బెంగళూరు నుంచి వచ్చే బండ్లు ఆ వేళకు కిక్కిరిసి ఉంటాయి. అవి ఛాంపియన్, మారికుప్పంలో ఖాళీ అయ్యేదాకా ప్లాట్‌ఫారం మీద పక్కకు నిలబడండి. దిగేవాళ్ళు పొద్దున నాలుగింటికి లేచినవాళ్ళు, వాళ్ళకు దారివ్వండి.